గోటి కింద తిరిగి రాని ఎరుపు

1961 డిసెంబరు 27వ తేదీ ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు ఒక తాలూకా దవాఖానలో మా అక్క ఎడమ చేతికి బీపీ పట్టీ కట్టారు. వేళను ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం ఉంది. అప్పటికి నేను హుజూర్‌నగర్ హైస్కూలులో సైన్సు ఉపాధ్యాయుడిగా చేరి ఏడాదిన్నర అయింది. చేతికి కొత్త గడియారం, జేబులో చిన్న డైరీ ఉండేవి. మా వంశంలో డిగ్రీ దాకా చదివిన మొదటివాణ్ణి నేనే కావడం వల్ల, ఏది జరిగినా వేళ వేసి రాసి పెట్టుకుంటేనే అది నిజంగా జరిగినట్టు నాకు అనిపించేది. ఆ రోజు డైరీ పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఆ కోపంలో కొంత భాగం నా మీదనే కాబట్టి, దాన్ని ఒక క్రమంలో రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మాది తిరుమలగిరికి నాలుగు కోసుల దూరంలో గొర్రెలు కాచుకునే కుటుంబం. వరి కోతలు కాగానే మగవాళ్ళు మందలను తోలుకొని కృష్ణా నది ఒడ్డు వైపు మేతకు వెళ్ళేవారు. ఈనడానికి దగ్గర పడ్డ చూడి గొర్రెలు మాత్రం ఇంటి దొడ్డిలోనే ఉండేవి. వాటిని చూసుకోవడం మా నాన్న పని, మా అక్క పని. నాన్నను మేము బాపు అనేవాళ్ళం. అక్కను ఊళ్ళోనే ఇచ్చారు. మా బావ మందతో పోయిన రోజుల్లో ఆమె మా ఇంట్లోనే ఉండేది. ఈనలేక అవస్థపడే గొర్రెకు చెయ్యి పెట్టి పిల్లను తీయవలసి వస్తే చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కూడా ఆమెనే పిలిచేవారు. ఆమె చెయ్యి సన్నగా, వేళ్ళు పొడుగ్గా ఉండేవి. మగవాళ్ళ చేతులు ఆ పనికి పనికిరావు. మోచేతి దాకా ఆముదం రాసుకొని, కళ్ళు మూసుకొని, లోపల పిల్ల కాళ్ళు ఎటున్నాయో వేళ్ళతోనే చూసేది.

డిసెంబరు 23న అట్లాంటి ఒక గొర్రె వచ్చింది. కడుపులో పిల్ల చనిపోయి రెండు రోజులై ఉంటుందని బాపు అన్నాడు. అక్క కుడి చెయ్యి పెట్టి పిల్లను ముక్కలు కాకుండా తీసింది. గొర్రె బతికింది. ఆ ఉదయమే తుమ్మ మండలు కొట్టి తెస్తుంటే అక్క కుడి చూపుడువేలికి ముల్లు గుచ్చుకుంది. ఆ గాయం సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన విషయమని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ముళ్ళు గుచ్చుకోని చేతులు మా కులంలో ఎవరికి ఉంటాయి?

క్రిస్మస్ సెలవులకు 25న నేను ఇంటికి వచ్చేసరికి అక్కకు చలిజ్వరం. మరునాటికి వేలి నుంచి మోచెయ్యి దాకా వాచింది. ముంజేతి లోపలి వైపున ఎర్రటి గీత ఒకటి పైకి పాకింది. పసుపు, సున్నం కలిపి పట్టు వేశారు. నేను వద్దనలేదు. 27 తెల్లవారేసరికి వణుకు ఆగింది. ముఖం ఎర్రగా, ఒళ్ళు వెచ్చగా ఉంది. నాడి గబగబా కొడుతోంది. జ్వరం దిగుతోందని అమ్మ సంతోషపడింది. బాపు మాత్రం బండి కట్టమన్నాడు. బండి మీద రోడ్డు దాకా, అక్కడి నుంచి బస్సులో ఆ పట్టణానికి చేరాము. దాని పేరు ఇక్కడ రాయను. తప్పు ఒక మనిషిది. దాన్ని ఊరంతటి మీద మోపడం న్యాయం కాదు.

దవాఖానలో డాక్టరు కుర్చీలోంచి లేవలేదు. అక్కను రెండడుగుల దూరంలో బల్ల మీద కూర్చోబెట్టమన్నాడు. పట్టీ కట్టింది కంపౌండరు. గాలి కొట్టిందీ కంపౌండరే. డాక్టరు మెడ చాచి పాదరసం గీతను చూశాడు. స్టెతస్కోపు గొట్టం చివరను మోచేతి మడతలో ఆనించి విన్నాడు. అదీ చెయ్యి పూర్తిగా చాపి, ముఖం పక్కకు తిప్పుకొనే. మా ఒంటి మీద గొర్రెల వాసన ఉంటుంది. అది నాకు తెలుసు. కాలేజీలో చేరిన మొదటి ఏడాది నేను ఆ వాసన పోవాలని రోజుకు రెండుసార్లు స్నానం చేసేవాణ్ణి. ఆ డాక్టరు అక్క చేతిని తన చేత్తో తాకలేదు. పాదం తాకలేదు. నుదురు తాకలేదు. వాచిన వేలిని పెన్సిలు కొనతో చూపించి, పెన్సిలిన్ సూది వేయమని చీటీ రాశాడు.

అక్కకు ఎట్లా ఉందని నేను ఇంగ్లీషులో అడిగాను. ఆయన ముఖం వెంటనే మారింది. అప్పుడు నన్ను కూర్చోమన్నాడు. బీపీ నూటపది, డెబ్బై అనీ, ఆరోగ్యవంతులకు ఉండేది ఇంతేననీ, సాయంత్రం దాకా వసారాలో ఉంచి మరో సూది వేసి పంపుతాననీ మర్యాదగా చెప్పాడు. నేను థాంక్స్ చెప్పాను. డైరీలో రాసుకున్నాను. అందరిలోకీ నాతో మాత్రమే ఇంగ్లీషులో మాట్లాడిన మనిషి తప్పు చెప్పి ఉంటాడని అనుకోవడం నాకు ఆ రోజు చేతకాలేదు.

ఆ తొమ్మిది గంటల వేళకు ఆయన చెప్పినది తప్పని నేను ఇప్పటికీ అనను. అప్పటికి అక్క చేతులు వెచ్చగానే ఉన్నాయి. నా కోపం ఆ తర్వాతి గంటల గురించి.

వసారాలో గోడవార గొంగడి పరిచి అక్కను పడుకోబెట్టాము. పదిన్నర దాటాక బాపు ఆమె ఎడమ చెయ్యి తన ఒడిలోకి తీసుకున్నాడు. వేలి గోరును తన బొటనవేలితో గట్టిగా ఒత్తి పట్టి వదిలాడు. గోటి కింద తెల్లబడింది. బాపు పెదవులు కదిలాయి. “లాభం, రెండు, మూడు, నాలుగు” అని లెక్కపెట్టాడు. ధాన్యం కొలిచేటప్పుడూ, గొర్రెలను మంద దాటించేటప్పుడూ మా వాళ్ళు ఒకటి అనరు, లాభం అంటారు. నాలుగు దాటాక గాని ఆ తెలుపు పోలేదు. పోయాక వచ్చినది ఎరుపు కాదు, వంకాయ రంగు. బాపు మరో వేలు ఒత్తాడు. అదీ అంతే. తన గోరు తానే ఒత్తుకున్నాడు. లాభం అనేలోపే ఎర్రబడింది.

ఇది గొర్రెల కాపరుల పద్ధతి. గొర్రె మేత మానేసి నిలబడితే దాని పెదవి ఎత్తి, పండ్ల చిగురు మీద బొటనవేలు పెట్టి ఒత్తుతారు. తెల్లబడ్డ చోటికి నెత్తురు ఎంతసేపటికి తిరిగి వస్తుందో చూస్తారు. వెంటనే వస్తే మందలోనే ఉంచుతారు. ఆలస్యమైతే విడిగా కట్టేస్తారు. నాలుగు లెక్క దాటితే ఆ గొర్రె పొద్దు దాటదని బాపు చిన్నప్పుడు నాకు చూపించాడు. నేను దాన్ని కాపరుల మాటగానే విన్నాను. చదువు అంటే అట్లాంటి మాటలను వదిలించుకోవడమని అప్పటికి నా నమ్మకం.

“కొడుకా, నెత్తురు మళ్ళుత లేదు” అన్నాడు బాపు. “గోర్ల దాక వస్త లేదు. జర డాక్టరు సారును ఇటు రమ్మను.”

నేను బీపీ బాగుందని చెప్పాను. ఆ మాట ఆయనకు అర్థం కాలేదని కాదు. ఆయన మా అక్క మోకాలి మీది చీర కొంచెం జరిపి చూపించాడు. మోకాలి చిప్ప చుట్టూ చర్మం మీద పాలరాతి మీద చారల్లాంటి ఊదారంగు మరకలు. వేళ్ళు చల్లగా, ముంజెయ్యి వెచ్చగా ఉన్నాయి. నిన్న సాయంత్రం నుంచి పిల్ల ఒంటికి పోలేదని కూడా బాపు అన్నాడు. ఒక పశువు నీళ్ళు తాగిందా, మూత్రం పోసిందా అన్నది కాపరి గమనించే మొదటి విషయం. నాకు ఆ సంగతి అడగాలనే తోచలేదు.

బాపు తానే లేచి డాక్టరు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చెప్పులు బయటే విడిచాడు. తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. గోరు ఒక్కసారి ఒత్తి చూడమని, గొర్రెలకు ఇట్లయితే బతకవని అన్నాడు. లోపల నవ్వు వినిపించింది. ముందు నవ్వింది కంపౌండరు.

“ఏందిరా పెద్దమనిషి, గిది దవాఖాన అనుకున్నవా, గొర్ల దొడ్డి అనుకున్నవా?” అన్నాడు. “నీకే అన్ని తెలిస్తె ఈడికెందుకొచ్చినవు? ఆ సూది గూడ నువ్వే ఏయకపోతివా?”

మా బాపుకు అప్పటికి అరవై దగ్గర. కంపౌండరుకు ముప్పై ఉంటాయో లేదో. ఆ “రా” నా చెవిలో పడింది. పడినా నేను కంపౌండరుతో ఏమీ అనలేదు. నేను మాట్లాడినది బాపుతో. ఈ వాక్యం రాయడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. డాక్టరు నా వైపు చూసి, చదువుకున్నవారు మీరు, ఈయనకు కొంచెం నచ్చజెప్పండి అన్నాడు. ఆ “చదువుకున్నవారు” అన్న మాటకు నేను లొంగిపోయాను.

“బాపూ, నువ్వు ఊకో. ఇది గొర్రె కాదు” అన్నాను.

బాపు గుమ్మం దగ్గర నుంచి వెనక్కి జరిగాడు. తలపాగా మళ్ళీ చుట్టుకున్నాడు. వసారాలోకి వచ్చి అక్క పాదాలు తన రెండు చేతుల మధ్య పెట్టుకొని రుద్దుతూ కూర్చున్నాడు. పదకొండున్నరకు డాక్టరు దయతలచి మరోసారి పట్టీ కట్టించాడు. నూటఆరు. అంకె గట్టిగా చదివి, ఇక సందేహం లేదు కదా అన్నట్టు నన్ను చూసి భోజనానికి వెళ్ళిపోయాడు.

అక్కకు తెలివి ఉంది. మాట కొంచెం ముద్దగా వస్తోంది. ఒకసారి కళ్ళు తెరిచి తన ఎడమ చెయ్యి కేసి చూసుకుంది.

“తమ్మీ, గీ చెయ్యి నాదేనా? ఎవరిదో తెచ్చి అతికిచ్చినట్టున్నది” అంది. కొంచెం ఆగి, “నాదైతె మాత్రం జర భద్రంగ చూడు. దొడ్ల ఇంక ఆరు గొర్లు ఈనేటియి ఉన్నయి” అంది.

బాపు మరుక్షణం ముఖం తిప్పుకున్నాడు. నేను నవ్వాను. నిజంగానే నవ్వాను. పరిహాసమాడే మనిషికి ప్రాణభయం లేదని అనుకున్నాను.

మధ్యాహ్నం మూడు గంటలకు వస్తాడన్న డాక్టరు రాలేదు. నాలుగున్నరకు వచ్చాడు. ఈసారి పట్టీ కట్టి గాలి వదులుతుంటే ఆయన మెడ ఇంకా ముందుకు సాగింది. గొట్టం సరిచేసుకొని మళ్ళీ విన్నాడు. అంకె పైకి చదవలేదు. కంపౌండరును అడిగితే డెబ్బై కూడా సరిగా వినిపించడం లేదని మెల్లగా చెప్పాడు. అప్పుడు ఒక్కసారిగా అందరూ పరుగెత్తారు. జిల్లా కేంద్రానికి చీటీ రాశారు. ధాన్యం లారీ ఒకటి ఆపి ఎక్కించారు. ఆ చీటీలో ఇంగ్లీషులో ఏం రాశాడో నేను లారీలో చదివాను. రోగిని బంధువులు ఆలస్యంగా తీసుకువచ్చారు అని రాశాడు.

తొమ్మిది గంటల పది నిమిషాల నుంచి నాలుగున్నర దాకా మేము ఆయన గదికి పదడుగుల దూరంలో ఉన్నాము. ఆ పదడుగులు ఆయన నడవలేదు. ఆలస్యం మాది అయింది.

ఏడు గంటల లోపే నల్లగొండ చేరాము. స్త్రీల వార్డులో ఉన్నది ఒక లేడీ డాక్టరు. వయసు ముప్పై అయిదు ఉండవచ్చు. ఆమెది మహబూబ్‌నగర్ జిల్లాలో భూమి లేని కుటుంబమనీ, కూలి చేసే తల్లిదండ్రులు చర్చి బడిలో వేసి చదివించారనీ తర్వాత తెలిసింది. ఆమె చీటీ చదవకముందే మంచం అంచున కూర్చుంది. అక్క చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. వేలి గోరును బొటనవేలితో ఒత్తి వదిలింది.

నా పక్కన నిలబడ్డ బాపు అప్రయత్నంగా లెక్కపెట్టాడు. లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. ఏడు దగ్గర లెక్క ఆపేశాడు. తెలుపు ఇంకా ఉంది.

ఆమె తల ఎత్తి బాపును చూసింది. చీర జరిపి మోకాళ్ళు చూసింది. నర్సుకు గబగబా పనులు చెప్పింది. రెండు చేతులకూ సెలైన్ సీసాలు, పెన్సిలిన్‌తో పాటు స్ట్రెప్టోమైసిన్, చీము పట్టిన వేలిని వెంటనే కోయడానికి కత్తి, మూత్రం కొలవడానికి గొట్టం. అన్నీ కదలడం మొదలయ్యాక అడిగింది.

“గోర్లు గిట్ల ఎప్పటి సంది ఉన్నయి? మొదలు ఎవరు చూసిన్రు?”

“మా కొడుకు సదువుకున్నోడమ్మా. ఆయన అన్ని బుక్కుల రాసుకున్నడు. ఆయననే అడుగున్రి” అన్నాడు బాపు.

ఆయన దెప్పిపొడవలేదు. నిజంగానే నేను చెప్పగలనని నమ్మి అన్నాడు. నా డైరీలో రెండు బీపీ అంకెలు ఉన్నాయి. గోటి సంగతి ఒక్క అక్షరం లేదు. మొదట చూసినది మా బాపు అనీ, పదిన్నరకు చూశాడనీ, ఊరుకొమ్మన్నది నేననీ చెప్పాను. ఆమె నన్నేమీ అనలేదు. పదిన్నర అని కేసు కాగితం మీద రాసుకుంది. మా బాపు చెప్పినది ఒక కాగితం మీదికి ఎక్కడం అదే మొదటిసారి.

తరువాతి నాలుగు రోజులు అక్క ఉంటుందో పోతుందో తెలియదు. మూడో రోజు కొంచెం మూత్రం వచ్చినప్పుడు నర్సు సీసా ఎత్తి చూపిస్తే ఊరి నుంచి వచ్చిన మా అమ్మ దానికి దండం పెట్టింది. ఆ వ్యవధిలో లేడీ డాక్టరు మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి ఏమి జరిగిందో చెప్పింది. వేలి గాయం నుంచి క్రిములు నెత్తుట్లో కలిశాయి. వాటి విషం అన్నిటికన్నా ముందు దెబ్బతీసేది గుండెను కాదు, పెద్ద నాళాలను కాదు. వెంట్రుక కన్నా సన్నగా ఉండి, కండకూ చర్మానికీ మూత్రపిండాలకూ ప్రాణవాయువును అందించే చిన్న చిన్న నాళాలను. వాటి గోడలు ఉబ్బి, లోపలి నీరు బయటికి ఊరుతుంది. తెల్లకణాలు గోడలకు అతుక్కుంటాయి. ఎర్రకణాలు బిగుసుకొని, వంగి దూరలేక నిలిచిపోతాయి. అక్కడక్కడ నెత్తురు గడ్డకడుతుంది. పక్కపక్కనే ఉన్న రెండు నాళాలలో ఒకదానిలో నెత్తురు ఎవరికీ అందకుండా ఉరుకుతుంది, రెండోదానిలో కదలదు. ఇదంతా జరుగుతున్నా పెద్ద నాళాలను బిగించి శరీరం కొన్ని గంటలు బీపీని నిలబెట్టుకొస్తుంది. పట్టీ కొలిచేది ఆ పెద్ద నాళాలనే.

బాపు నేల మీద వేలితో ఒక గీత గీసి, దాని నుంచి చిన్న గీతలు చీల్చాడు.

“అంటే తూము నిండ పారుతాంది గని పిల్లకాలువలు పూడినయి. మడికి నీళ్ళు చేరుత లేవు” అన్నాడు.

“గంతే పెద్దాయనా. తూము కాడ నిలబడి చూసేటోనికి మడి ఎండేది కనపడదు” అంది ఆమె.

ఆ మాట విన్నప్పుడు నాకు కలిగినది అవగాహన కాదు, సిగ్గు. ఎందుకంటే ఆమె చెప్పిన దృశ్యాన్ని నేను స్వయంగా కంటితో చూసి ఉన్నాను. డిగ్రీ రెండో సంవత్సరంలో మా జంతుశాస్త్ర ప్రయోగశాలలో కప్ప కాలివేళ్ళ మధ్య పొరను, రంధ్రమున్న చెక్క మీద పరచి, సూక్ష్మదర్శిని కింద పెట్టారు. చిన్న నాళాలలో నెత్తుటి కణాలు ఒకదాని వెనుక ఒకటి, ఇరుకు దారిలో గొర్రెల వరుసలాగా పోతున్నాయి. మా లెక్చరరు ఆ పొర మీద ఆవనూనె చుక్క వేశాడు. మొదట ప్రవాహం ఉరికింది. పొర ఎర్రబడింది. కొంతసేపటికి కణాలు అంచులకు అంటుకోవడం మొదలైంది. తర్వాత ఒక నాళం ఆగింది. పక్కది నడుస్తూనే ఉంది. తర్వాత అదీ ఆగింది. కప్ప గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉంది. ఇదంతా నేను పెన్సిలుతో బొమ్మలు వేసి, కింద ఇంగ్లీషులో చక్కగా రాసి, లెక్చరరు చేత “గుడ్” అని సంతకం తీసుకున్నాను.

వసారాలో గొంగడి మీద మా అక్క మొదట ఎర్రబడి, వెచ్చబడి, తర్వాత మోకాళ్ళ మీద మరకలు తేలి, వేళ్ళు చల్లబడుతుంటే, ఆ రికార్డు పుస్తకం నాకు గుర్తుకు రాలేదు. కప్పకు జరిగేది మనిషికి జరగదని నాకెవరూ చెప్పలేదు. మనిషికీ జరుగుతుందని కూడా ఎవరూ చెప్పలేదు. పరీక్షకు కావలసినంతే చెప్పారు, పరీక్షకు కావలసినంతే నేర్చుకున్నాను. మా బాపుకు సూక్ష్మదర్శిని లేదు. ఆయన చూసినది నేను చూసినదే. ఆయన దాన్ని బతికున్న ప్రాణి మీద చూశాడు కాబట్టి అది ఆయనకు అక్కరకొచ్చింది. ఆ అక్కరకొచ్చిన జ్ఞానాన్ని గుమ్మం దగ్గర నిలబెట్టి నవ్వినవాళ్ళు ఇద్దరు, నోరు మూయించినవాణ్ణి నేను. ముగ్గురమూ చదువుకున్నవాళ్ళమే.

ఐదో రోజుకు జ్వరం దిగింది. బీపీ నిలిచింది. అక్క గంజి తాగింది. కానీ నెత్తురు చేరని చోట్లు అప్పటికే చనిపోయాయి. కుడి చేతి బొటనవేలు తప్ప మిగతా వేళ్ళు, రెండు పాదాల చిన్నవేళ్ళు మొదట నీలంగా, తర్వాత ఎండిన చింతపండులా నల్లగా మారాయి. నొప్పి ఉండేది కాదు. దానికే ఆమెకు భయం వేసింది. తనకు నొప్పి పుట్టని చెయ్యి తనది కాదని అంది. మరో రెండు వారాలకు నల్లబడ్డ భాగాలను తీసేశారు. కుడి చేతికి బొటనవేలు పూర్తిగా, చూపుడువేలు సగం మిగిలాయి. మిగతా మూడూ అరచేతి దగ్గర ఆగిపోయాయి.

పొద్దున పదిన్నరకే పంపి ఉంటే వేళ్ళు దక్కేవా అని లేడీ డాక్టరును నేను అడిగాను. దక్కేవని ఒట్టు పెట్టి చెప్పలేనని ఆమె అంది. ఆరు గంటలు తక్కువ కాదని కూడా అంది. నాకు ఆ రెండో మాట చాలు.

ఫిబ్రవరిలో నేను పై అధికారులకు ఒక అర్జీ రాశాను. నాలుగు సార్లు చిత్తుప్రతి రాసి, ప్రతి వేళనూ డైరీతో సరిచూసి, కోపపు మాట ఒక్కటి లేకుండా, ఉపాధ్యాయుడికి తగిన భాషలో రాశాను. రోగి వెంట వచ్చినవారు చెప్పే లక్షణాలను వైద్యుడు స్వయంగా పరిశీలించాలనీ, బీపీ ఒక్కటే చూసి రోగి స్థితిని నిర్ణయించరాదనీ, పెద్దవాళ్ళను “రా” అనరాదనీ మూడు విన్నపాలు చేశాను. మూడు నెలల తరువాత జవాబు వచ్చింది. ఆ దినమున రోగి రక్తపోటు రెండుసార్లు సక్రమముగా నమోదు చేయబడినదనీ, రెండుసార్లును సాధారణ స్థాయిలోనే యున్నదనీ, కావున నిర్లక్ష్యము కనబడలేదనీ అందులో ఉంది. నేను వారికి ఇచ్చిన ఆధారాన్నే వారు నాకు జవాబుగా పంపారు. గోరు గురించి ఒక్క మాట లేదు. బాపును గురించి ఒక్క మాట లేదు.

ఆ జవాబును నేను బాపుకు చదివి వినిపించాను. ఇంగ్లీషులో ఉందా తెలుగులో ఉందా అని అడిగాడు. తెలుగే అన్నాను. మరి నాకు సమజు కాలేదేంది అన్నాడు. ఆయన పరిహాసానికి అనలేదు. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. ఒక మనిషి చెయ్యి పోయిందన్నది ఒక మాట, అంకె సరిగా రాశామన్నది దానికి బదులు. ఈ రెంటికీ పొత్తు ఎట్లా కుదిరిందో నాకు కూడా అర్థం కాలేదు. ఇప్పటికీ అర్థం కాదు. ఆ డాక్టరు చెడ్డవాడని నేను అనడం లేదు. చెడ్డవాడైతే ఇంత కోపం రాదు. తాకడానికి చేతులు ఉండి, పదడుగులు నడవడానికి కాళ్ళు ఉండి, పాదరసం గీత ఒక్కటి చూస్తే మనిషిని చూసినట్టేనని నమ్మాడు. ఆయనకు అట్లా నేర్పినవాళ్ళు ఉన్నారు. నేర్చుకున్నందుకు జీతమిచ్చినవాళ్ళు ఉన్నారు. తప్పు జరిగాక కాగితం చూపి కాపాడినవాళ్ళు ఉన్నారు. వారి సంఖ్య ముందు మా బాపు ఒక్కడు.

ఆ తరువాత మారినవి ఇవి. ఆ డాక్టరు రెండేళ్ళకు మామూలు బదిలీ మీద మరో తాలూకాకు వెళ్ళాడు. ఆ దవాఖానలో ఏమి మారిందో నాకు తెలియదు. మా ఊళ్ళో గొర్రెకు చెయ్యి పెట్టేవాళ్ళు ముందు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోవడం మొదలుపెట్టారు. చేతి మీద గాయమున్నవాళ్ళు ఆ రోజు దగ్గరికి పోరు. నేను తొమ్మిదో తరగతి పిల్లలకు రక్తప్రసరణ పాఠం గుండెతో మొదలుపెట్టడం మానేసి, గోటితో మొదలుపెట్టాను. బాపును ఎవరి ముందూ ఊరుకొమ్మని మళ్ళీ అనలేదు. అక్క పాలు పితకడం, ఉన్ని వడకడం మానేసింది. గొర్రెకు చెయ్యి పెట్టి పిల్లను తీయడంతో సహా మందలో మిగిలిన పనులన్నీ ఎడమ చేత్తో చేసింది.